కొత్త మానిటర్‌లో చీరల రంగులు మరీ ఎక్కువగా కొడుతున్నాయి, ఏ సెట్టింగు ముట్టుకోవాలి?

చీరల_కొట్టు (మంగళగిరి)

అందరికీ నమస్కారం. మాది చేనేత చీరల ఆన్‌లైన్ అమ్మకం. ఫోటోలు తీసేదీ, కంప్యూటర్‌లో సరిచేసేదీ నేనే. ఇన్నాళ్లూ పాత ల్యాప్‌టాప్ మీద నెట్టుకొచ్చాం, ఇప్పుడు 27 అంగుళాల మానిటర్ కొన్నాం. డబ్బా మీద 95 శాతం డీసీఐ-పీ3 అని రాసి ఉంది. సిస్టమ్ విండోస్ 11.

తెచ్చిన దగ్గర్నుంచీ రంగులతోనే తంటా. ఒకే ఫోటో ఫోటోషాప్‌లో తెరిస్తే ఒక రంగు, ఫోల్డర్‌లో చిన్న బొమ్మగా చూస్తే ఇంకో రంగు, ఫోన్‌కి పంపుకుంటే మూడో రంగు. మిరపపండు ఎరుపు చీర ఫోల్డర్‌లో కళ్లు చెదిరేలా ఉంటోంది, చీర పక్కన పెట్టి చూస్తే అంత లేదు. చిలకపచ్చ అయితే పూర్తిగా రేడియం పచ్చలోకి పోయింది.

మానిటర్ మెనూలో స్టాండర్డ్, మూవీ, వివిడ్, ఎస్‌ఆర్‌జీబీ, యూజర్ అని బోలెడున్నాయి. విండోస్‌లో కలర్ ప్రొఫైల్ అని ఒకటి, గ్రాఫిక్స్ కార్డు ప్యానెల్‌లో ఇంకో వరస స్లైడర్లు. వీటిలో ఏది కదపాలి, ఏది కదపకూడదు? "ఫోటోలో ఉన్న రంగు ఇది కాదు" అని చీరలు వెనక్కి వస్తున్నాయి. రానూపోనూ కొరియర్ ఖర్చు మాదే. మడత విప్పిన చీరను మళ్లీ కొత్తదని అమ్మలేం కదా. అందుకే ఇంత వివరంగా అడుగుతున్నా.

తెర_మరమ్మతు (హైదరాబాద్)

మానిటర్‌లో లోపమేమీ లేదండీ. కాస్త ఓపిగ్గా చదవండి, విషయం అర్థమైతే సెట్టింగులు వాటంతటవే తేలిపోతాయి.

ఫైల్‌లో రంగు అంటే మూడు అంకెలు, ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అని. "ఎరుపు 255" అన్నంత మాత్రాన అది ఎంత ఎరుపో తేలదు. ఏ కొలత ప్రకారం 255 అన్నదే అసలు సంగతి. వెబ్‌లో అందరూ వాడే కొలత ఎస్‌ఆర్‌జీబీ. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించాయి, 1999లో అంతర్జాతీయ ప్రమాణమైంది. అప్పటి పిక్చర్ ట్యూబ్ మానిటర్లు చూపగలిగిన రంగుల పరిధికి దగ్గరగా దాన్ని కట్టారు. మీ కొత్త తెర పరిధి, అంటే డబ్బా మీద రాసిన డీసీఐ-పీ3 (సినిమాలకు వాడే రంగుల పరిధి), అంతకంటే బాగా పెద్దది. దాని 255 ఎరుపు ఎస్‌ఆర్‌జీబీ 255 ఎరుపు కంటే చాలా గాఢం. ఫైల్‌లోని అంకెల్ని మార్చకుండా నేరుగా తెరకు పంపే ప్రోగ్రామ్ ఏదైనా సరే, రంగు పొంగిపోతుంది. ఫోల్డర్‌లో చిన్న బొమ్మలు, డెస్క్‌టాప్ అలా పంపేవే.

ఫోటోషాప్ అలా కాదు. విండోస్‌లో మానిటర్‌కు ఏ ఐసీసీ ప్రొఫైల్ (ఆ తెర ఏ రంగును ఎలా చూపిస్తుందో రాసి ఉన్న ఫైల్) పెట్టి ఉందో చూసి, అంకెల్ని ఆ తెరకు తగ్గట్టు మార్చి పంపుతుంది. అందులో రంగు వేరుగా ఉందంటే మీ మానిటర్ కంపెనీ ప్రొఫైల్‌ను విండోస్ తనే దించుకుని పెట్టుకుందన్నమాట.

మీరు చేసేది చీరల ఫోటోలు, అవి వెళ్లేది వెబ్‌కు, ఫోన్‌లకు. కాబట్టి సులువైన దారి: మానిటర్ మెనూలో ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టేయండి. తెర తన పరిధిని తానే కుదించుకుంటుంది.

ఈలోగా రంగుల్లో చెయ్యి పెట్టేవన్నీ ఆపండి. విండోస్‌లో నైట్ లైట్. హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడాను పెంచి చూపే మోడ్) ఆన్‌లో ఉంటే అది. మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, బ్లూ లైట్ తగ్గించే రీడింగ్ మోడ్. గ్రాఫిక్స్ ప్యానెల్‌లో స్లైడర్లన్నీ డిఫాల్ట్‌కు. ఎన్విడియా అయితే డిజిటల్ వైబ్రెన్స్ 50 దగ్గర ఉండాలి. హెచ్‌డీఎంఐ తీగ వాడుతుంటే అదే ప్యానెల్‌లో అవుట్‌పుట్ ఫార్మాట్ ఆర్‌జీబీ, డైనమిక్ రేంజ్ ఫుల్ అని ఉందో లేదో చూడండి. మానిటర్‌ను టీవీ అనుకుని కొన్నిసార్లు లిమిటెడ్ పెడుతుంది, అప్పుడు నలుపు బూడిదగా తేలిపోతుంది.

చీరల_కొట్టు (మంగళగిరి)

చాలా థాంక్స్ అండీ. హెచ్‌డీఆర్ నిజంగానే ఆన్‌లో ఉంది, ఆపేశా. ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టాక ఫోల్డర్‌లో రంగులు కుదుటపడ్డాయి. కానీ ఇప్పుడు అదే ఫోటో ఫోటోషాప్‌లో వెలిసిపోయినట్టు ఉంది! ఎరుపు ఇటుక రంగులోకి వచ్చింది. ఇదేంటి?

తెర_మరమ్మతు (హైదరాబాద్)

ఎస్‌ఆర్‌జీబీ మోడ్ పెట్టిన ప్రతివాళ్లకూ తగిలే మెలిక ఇదే. తెర ఇప్పుడు చిన్న పరిధిలో ఉంది. విండోస్‌లో ప్రొఫైల్ మాత్రం ఇంకా పెద్ద పరిధిదే. ఫోటోషాప్ ఆ ప్రొఫైల్‌ను నమ్మి, "ఈ తెర ఎరుపును ఎక్కువ చేసి చూపిస్తుంది, నేను తగ్గించి పంపుతా" అని తగ్గిస్తోంది. తెర ముందే తగ్గించుకుంది. రెండుసార్లు తగ్గింది.

స్టార్ట్‌లో కలర్ మేనేజ్‌మెంట్ అని టైప్ చేసి ఆ పాత కిటికీ తెరవండి. డివైసెస్ ట్యాబ్‌లో మీ మానిటర్‌ను ఎంచుకుని, "యూజ్ మై సెట్టింగ్స్ ఫర్ దిస్ డివైస్" దగ్గర టిక్ పెట్టండి. యాడ్ నొక్కి జాబితాలో ఎస్‌ఆర్‌జీబీ ఐఈసీ 61966-2.1 తీసుకుని, దాన్ని డిఫాల్ట్ చేయండి. ఫోటోషాప్ మూసి మళ్లీ తెరవండి. మానిటర్ మోడ్ మార్చినప్పుడల్లా ప్రొఫైల్ కూడా మారాలి. ఆ రెండూ ఎప్పుడూ జంటే.

విండోస్ 11లో కొత్తగా యాప్‌ల రంగును తనే చూసుకునే ఆటోమేటిక్ కలర్ మేనేజ్‌మెంట్ వచ్చింది. కార్డూ, తెరా అందుకు తగ్గవైతే డిస్‌ప్లే సెట్టింగుల్లో కనిపిస్తుంది. అది మంచిదే. కానీ అది ఆన్ చేస్తే మానిటర్‌ను పూర్తి పరిధిలోనే ఉంచాలి, రంగు కుదించే పని విండోస్‌దే అవుతుంది. అదీ ఇదీ కలిపితే మళ్లీ మొదటికే వస్తుంది. ఏదో ఒక్క దారి పట్టుకోండి. మీకు ప్రస్తుతానికి ఎస్‌ఆర్‌జీబీ మోడే మేలు.

చీరల_కొట్టు (మంగళగిరి)

కుదిరింది! ఫోల్డర్‌లో, ఫోటోషాప్‌లో, బ్రౌజర్‌లో మూడుచోట్లా ఒకే ఎరుపు. ఒకే సందేహం, ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో బ్రైట్‌నెస్ మాత్రం కదులుతోంది, మిగతా కలర్ టెంపరేచర్, గామా మూసేశాడు. ఫర్వాలేదా? బ్రైట్‌నెస్ ఎంత పెట్టుకోవాలి?

ఆల్బమ్_బెజవాడ (విజయవాడ)

అక్కా, నేను పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాను. మా వీధిలో అందరం పాటించే పద్ధతి చెప్తా, ఈ ప్రొఫైళ్ల గొడవ లేకుండా. ల్యాబ్‌లో ఒక ఫోటో ప్రింటు వేయించుకోండి. పసుపు, కుంకుమ, పట్టు, మొహం రంగు అన్నీ ఉన్న ఫోటో అయితే మంచిది. ఆ ప్రింటును మానిటర్ పక్కన పెట్టుకుని, తెర మీద ఫోటో దానిలాగే కనిపించేదాకా బ్రైట్‌నెస్, ఆర్‌జీబీ స్లైడర్లు తిప్పండి. మీరైతే ప్రింటు బదులు చీరే పక్కన పెట్టుకోండి. చేతిలో వస్తువు ఉండగా అంకెలతో పనేముంది?

తెర_మరమ్మతు (హైదరాబాద్)

ఆల్బమ్ గారూ, మీ అనుభవాన్ని కాదనను, కానీ ఈ పద్ధతి చీరల ఫోటోలకు పనికిరాదు. మీరు తెరను ఒక ల్యాబ్ మెషీన్‌కు, ఆ రోజు కాగితానికి సరిపెడుతున్నారు. ల్యాబ్ మారితే మళ్లీ మొదలు. ఆవిడ ఫోటోలు చూసేవాళ్ల దగ్గర వెయ్యి రకాల ఫోన్‌లుంటాయి. ఎర్ర చీర పక్కన పెట్టుకుని ఎరుపు స్లైడర్ తిప్పితే ఆ ఒక్క చీర కుదురుతుంది. ఆ తర్వాత ఆనంద నీలం చీర తెరిస్తే అది ఊదా కొడుతుంది. స్లైడర్ తెర మొత్తాన్ని లాగుతుంది కదా.

ప్రింటుకు తెరను వంచక్కర్లేదు. ల్యాబ్ వాళ్లనడిగి వాళ్ల కాగితం ఐసీసీ ప్రొఫైల్ తెచ్చుకుని ఫోటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో పెట్టండి. కంట్రోల్+వై నొక్కితే ఆ ప్రింటు ఎలా వస్తుందో తెరే చూపిస్తుంది, మళ్లీ నొక్కితే మామూలు ఫోటో. తెర మాత్రం ప్రమాణం దగ్గరే ఉంటుంది.

ఆల్బమ్_బెజవాడ (విజయవాడ)

మా దగ్గర చాలా ల్యాబ్‌లు ప్రొఫైల్ అడిగితే "ఎస్‌ఆర్‌జీబీ జేపెగ్ పంపండి చాలు" అంటారు అన్నా, ఇవ్వరు. రేపు పెళ్లివాళ్లకు ఆల్బమ్ ఇవ్వాలి, మాకు దొరికే దారి అదే. అయినా ఒకటి ఒప్పుకుంటా, ప్రింటు నల్లగా వచ్చిందని ల్యాబ్ మీద పడేవాళ్లలో సగం మందికి తెర బ్రైట్‌నెస్ 100లో ఉంటుంది. అంత వెలుతురులో ఫోటోను చూసి చీకటి చేసి పంపుతారు.

డీఐ_గది (హైదరాబాద్)

బ్రైట్‌నెస్ గురించి నేను చెప్తా. సినిమాలకు, సిరీస్‌లకు కలర్ గ్రేడింగ్ చేయడం నా పని. మా గదిలో వీడియో మానిటర్ తెలుపు చదరపు మీటరుకు 100 క్యాండెలాల (వెలుగు కొలత) దగ్గర ఉంటుంది, గామా (నలుపు తెలుపుల నడిమి వెలుగులు ఎంత ముదురుగా ఉండాలో చెప్పే అంకె) 2.4, గది చీకటి. ఎస్‌ఆర్‌జీబీ ప్రమాణం రాసినప్పుడు 80 అన్నారు. మామూలు గదిలో కూర్చుని ఫోటోలు చేసేవాళ్లకు 100 నుంచి 120 బాగుంటుంది. చాలా మానిటర్లు పెట్టెలోంచి తీయగానే దానికి రెట్టింపు పైన వెలుగుతాయి. కొలిచే పరికరం లేకపోతే ఒక చిన్న ఉపాయం: ఒక తెల్ల కాగితాన్ని మానిటర్ పక్కన పట్టుకోండి, పక్కనే తెరమీద ఖాళీ తెల్ల పేజీ. తెర దీపంలా కొడుతుంటే ఎక్కువ, బూడిదగా ఉంటే తక్కువ. రెండూ దాదాపు ఒకే వెలుతురులో కనిపించేచోట ఆపండి.

బ్రైట్‌నెస్ కంటే ముఖ్యం గది. మీ బల్ల దగ్గరి గోడ రంగేంటి? కిటికీ ఎటు? వెనక ఎర్ర పరదా ఉంటే దాని నీడ తెరమీద పడుతుంది. మా గదిలో గోడలు బూడిద రంగు, రంగుల చొక్కాలు వేసుకుని తెర ముందు కూర్చోం. డెస్క్‌టాప్ బ్యాక్‌గ్రౌండ్ కూడా మామూలు బూడిదే పెట్టుకోండి. పసుపు పూల వాల్‌పేపర్ మధ్యలో ఫోటో తెరిస్తే కన్ను పసుపుకు అలవాటుపడి, ఫోటో నీలంగా ఉందని మీరు ఇంకాస్త పసుపు కలుపుతారు. కన్నుకు ఈ గుణం ఉండబట్టే కంటితో తెర సరిచేయడం దగ్గర నేను తెర_మరమ్మతు వైపే. పది నిమిషాలు చూస్తే ఏ తెల్లదైనా తెల్లగానే కనిపిస్తుంది.

మానిటర్ వేసిన అరగంటదాకా రంగు తేల్చకండి. బ్యాక్‌లైట్ కుదురుకోవాలి.

అద్దకం_పోచంపల్లి (భూదాన్ పోచంపల్లి)

అందరు తెర గురించే మాట్లాడుతున్రు గానీ చీర ఏ వెలుతురుల చూస్తున్నరో ఎవరు అడుగతలేరు. మాది నూలుకు రంగులద్దే పని. అద్దకం అయినంక చిలపను, అంటే నూలు కట్టను, ఇంట్ల లైటు కింద చూడం. వాకిట్లకు తెచ్చి నీడపట్టున, పొద్దున పది దాటినంక నమూనా పక్కన పెట్టి చూస్తం. ట్యూబ్‌లైటు కింద రెండు చిలపలు అచ్చం ఒక్కతీరు ఉంటయి, బయటికి తెస్తే ఒకటి గులాబీ దిక్కు, ఒకటి నారింజ దిక్కు పోతది. రంగులు వేరే కంపెనీవి అయితే ఇది తప్పదు. చీర అసలు రంగు ఇదీ అని ముందుగాల పగటి వెలుతురుల తేల్చుకోండ్రి. అది తేలకుండ మానిటర్ ఎంత సరిజేసినా ఏం లాభం?

డీఐ_గది (హైదరాబాద్)

అద్దకం అన్న చెప్పింది ఈ చర్చలో అన్నిటికంటే పెద్ద మాట. ఇంకొంచెం కలుపుతా. ఎల్‌ఈడీ బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ వెలుతురులో రంగులు ఎంత సరిగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అనో 90 అనో రాస్తారు. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు. గాఢమైన ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు, అది తొమ్మిదోది, ఆర్9 అంటారు. సీఆర్‌ఐ 80 బల్బుకు ఆర్9 దాదాపు సున్నా ఉన్నా ఆశ్చర్యం లేదు. దాని కింద మిరపపండు ఎరుపు చీర చచ్చుబడి, గోధుమ కలిసినట్టు కనిపిస్తుంది. కెమెరాకు కూడా అలాగే అందుతుంది. ఆ తర్వాత ఫోటోషాప్‌లో ఎరుపు పెంచుతారు, అప్పుడు జరీ నారింజ అయిపోతుంది. లైట్లు కొనేముందు ఆర్9 అడగండి. అసలు ఖర్చే లేని దారి, ఉత్తరం వైపు కిటికీ లేదా అరుగు నీడ.

అన్నిటికంటే చేటు కలగాపులగం వెలుతురు. ఒకవైపు కిటికీ, పైన ట్యూబ్‌లైటు, ఎదురుగా పసుపు బల్బు ఉంటే వైట్ బ్యాలెన్స్ (ఆ వెలుతురులో తెలుపు తెల్లగానే వచ్చేలా సరిచేయడం) అనేదే కుదరదు.

చీరల_కొట్టు (మంగళగిరి)

మీరందరూ మా కొట్టు చూసి చెప్తున్నట్టే ఉంది. నేను తీసేది షోరూమ్ లైట్ల కిందే, పక్కన అద్దాల తలుపులోంచి ఎండ వస్తుంది. రేపటినుంచి వెనక వరండాలో తీస్తా.

అద్దకం అన్నా, మీరు వచ్చారు కాబట్టి అడుగుతున్నా. నెమలికంఠం చీర ఏం చేసినా రావట్లేదు. పడుగు నీలం, పేక ఆకుపచ్చ. కళ్లతో చూస్తే కదిలినప్పుడల్లా మారుతుంది, ఫోటోలో మాత్రం ఏదో ఒక చచ్చు నీలం. రాణి పింక్ కూడా అంతే, ముద్దలా వస్తుంది, నేత కనపడదు.

అద్దకం_పోచంపల్లి (భూదాన్ పోచంపల్లి)

నెమలికంఠం ఒక్క ఫోటోల రాదమ్మా. ఎదురుంగ చూస్తే ఒకటి కొడతది, వంగి చూస్తే ఇంకోటి. కుచ్చిళ్లు పోసి పక్క నుంచి వెలుతురు పడేటట్టు పెట్టు. మడత మీద నీలం, మడత లోపట పచ్చ, రెండు కనవడుతయి. ఒక చిన్న వీడియో గూడ తియ్యి, కొంగు మెల్లగ తిప్పుకుంట.

తెర_మరమ్మతు (హైదరాబాద్)

రాణి పింక్ ముద్దగా రావడానికి కారణం వేరే. ఆ రంగు ఎస్‌ఆర్‌జీబీ పరిధి దాటి ఉంటుంది. నెమలి నీలం, పచ్చల్లో కొన్ని కూడా అంతే, ఎస్‌ఆర్‌జీబీకి ఆ మూల బాగా తక్కువ. పరిధి దాటిన రంగును ఫైల్‌లో కుక్కితే ఒక ఛానెల్ 255కి కొట్టుకుంటుంది. చీరలో వెలుగున్న చోటా లేనిచోటా ఎరుపు అంతా 255 అయిపోతే దారానికి దారానికీ తేడా ఇక ఎక్కడుంటుంది?

ఇలా చేసి చూడండి. ఫోటో రా ఫార్మాట్‌లో (కెమెరా రంగులు సరిచేయకుండా దాచే ఫైల్) తీయండి. రా తెరిచినప్పుడు హిస్టోగ్రామ్‌లో (ఏ వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫ్) ఎరుపు గీత కుడి గోడకు గుద్దుకుంటోందా చూడండి. గుద్దుకుంటే మొత్తం ఫోటోను కాదు, ఆ మెజెంటా శాచురేషన్ ఒక్కదాన్నే కొంచెం కొంచెం తగ్గిస్తూ రండి. గీత గోడను వదిలిన చోట నేత తిరిగి కనిపిస్తుంది. తర్వాత ఫోటోషాప్‌లో ఛానెల్స్ ప్యానెల్ తెరిచి ఎరుపు ఒక్కటే నలుపు తెలుపులో చూడండి. అందులో మడతలు, బుటాలు కనిపిస్తే సరే. మొత్తం తెల్ల గుడ్డలా ఉంటే ఇంకా తగ్గాలి.

చీర కంటే ఫోటో కాస్త తక్కువ రంగులో ఉంటుంది, నిజమే. కానీ నేత కనిపించే పింక్‌ను చూసి కొన్నవాళ్లకు చీర చేతికొచ్చాక ఇంకాస్త మెరుగ్గానే అనిపిస్తుంది.

వైట్ బ్యాలెన్స్‌కు ఒక 18 శాతం బూడిద కార్డు కొనుక్కోండి. చీర పక్కన పెట్టి మొదటి ఫోటో తీసి, దాని మీద ఐడ్రాపర్ నొక్కి, అదే సెట్టింగు ఆ వరుసలో చీరలన్నిటికీ వేయండి. తెల్ల గోడ మీద, తెల్ల చీర మీద నొక్కకండి. తెల్లని నూలుకు వేసే మెరుపు మందుల వల్ల అందులో నీలం దాగి ఉంటుంది.

డాలస్_కోడలు (టెక్సస్)

కొనే వైపు నుంచి నా మాట. నేను ఇక్కణ్నుంచి పండగలకు చీరలు తెప్పించుకుంటాను. ఫోన్‌లో ట్రూ టోన్ ఆన్‌లో ఉంటే గదిలో పసుపు లైటు వేసినప్పుడు తెర కూడా పసుపు తిరుగుతుంది. రాత్రిపూట నైట్ షిఫ్ట్ దాని మీద ఇంకొంచెం. చీర ఎంచుకునేది పిల్లలు పడుకున్నాక రాత్రి పదకొండింటికే కదా! లేత గంధం అనుకుని తెప్పించుకున్నది తెల్లగా వచ్చింది, అమ్మినవాళ్ల తప్పేం లేదు. ఇప్పుడు ఆర్డర్ పెట్టేముందు ఆ రెండూ ఆపి చూస్తాను. మీ పేజీలో ఆ ఒక్క వాక్యం రాసి పెట్టండి, చాలామందికి ఇలా ఒక సెట్టింగు ఉందనే తెలియదు.

ఆల్బమ్_బెజవాడ (విజయవాడ)

ఇదే నేను అనబోతున్నా. కొనేవాళ్ల ఫోన్ ఎలా ఉందో మన చేతిలో లేనప్పుడు మనం ఇంత కష్టపడి తెర సరిచేసి ఏం లాభం? శామ్‌సంగ్‌లో వివిడ్ పెట్టుకున్నవాళ్లకు అన్నీ కొట్టొచ్చినట్టే కనిపిస్తాయి.

తెర_మరమ్మతు (హైదరాబాద్)

చేతిలో లేదు కాబట్టే మనది సరిగా ఉండాలి. కొనేవాళ్ల ఫోన్‌లలో కొన్ని పసుపు వైపు, కొన్ని నీలం వైపు, కొన్ని వివిడ్ వైపు తప్పుతాయి. మన ఫోటో ప్రమాణం దగ్గర ఉంటే ఆ తప్పులు దాని చుట్టూ రెండు పక్కలా కొద్దికొద్దిగా ఉంటాయి. మన తెర నీలంగా ఉండి, దానికి విరుగుడుగా మనం ఫోటోలో పసుపు కలిపామనుకోండి, పసుపు వైపు తప్పే ఫోన్‌లో రెండు తప్పులూ ఒకదాని మీద ఒకటి పడతాయి. చీరలు వెనక్కి తెచ్చేది ఆ రెండో తప్పే. తక్కెడ మనది సరిగా ఉంటేనే కదా అవతలివాళ్ల తూకం గురించి మాట్లాడగలం.

చీరల_కొట్టు గారూ, ఫైల్ బయటికి పంపేటప్పుడు రెండు సంగతులు. కన్వర్ట్ టు ప్రొఫైల్‌తో ఎస్‌ఆర్‌జీబీకి మార్చండి, అసైన్ ప్రొఫైల్ కాదు. కన్వర్ట్ చేస్తే రంగు అలాగే ఉండి అంకెలు మారతాయి. అసైన్ చేస్తే అంకెలు అలాగే ఉండి రంగు మారిపోతుంది. రెండోది, సేవ్ చేసేటప్పుడు ప్రొఫైల్ ఎంబెడ్ టిక్ తీసేయకండి. దారిలో ఏ యాప్ అయినా ప్రొఫైల్‌ను ఊడదీసినా, అంకెలు ఎస్‌ఆర్‌జీబీవే కాబట్టి పెద్దగా చెడిపోదు. ఎస్‌ఆర్‌జీబీ కంటే పెద్ద పరిధి ఉన్న అడోబ్ ఆర్‌జీబీలో పంపితే మాత్రం ప్రొఫైల్ ఊడిన చోటల్లా చీరలు వెలిసిపోతాయి.

పెంగ్విన్_గుంటూరు (గుంటూరు)

ఇంత మాట్లాడుకున్నాక కొలిచే పరికరం ఊసే రాలేదేంటి! ఎస్‌ఆర్‌జీబీ మోడ్ ఫ్యాక్టరీలో ఎంత సరిగా పెట్టారో మెనూ చూస్తే తెలియదు. తెలుపు 6500 కెల్విన్ అని రాసి ఉన్నా 7200 ఉండొచ్చు. కలరీమీటర్ కొత్తది ఐదంకెల ధర, ఒక్కరికి బరువే. నా దగ్గర ఒకటుంది. మంగళగిరి మాకు పక్క ఊరేగా, ఒక ఆదివారం తెచ్చి పెడతాను అక్కా.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు అక్కర్లేదు. డిస్‌ప్లేకాల్ ఉచితం, లోపల కొలతల పనంతా ఆర్గిల్ అనే ఇంకో ప్రోగ్రామ్ చూసుకుంటుంది. లినక్స్, విండోస్, మ్యాక్ మూడింట్లో నడుస్తుంది. పాతది ఆగిపోయింది, పైథాన్ 3కి మార్చిన కొత్తది వెతికి వేసుకోండి. లినక్స్‌లో నేను గ్నోమ్ సెట్టింగుల్లో కలర్ దగ్గర ఆ ప్రొఫైల్ పెట్టి వాడుతున్నా. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు అబౌట్ కాన్ఫిగ్‌లో కలర్ మేనేజ్‌మెంట్ అని వెతికితే మోడ్ అనే అంకె వస్తుంది. 2 ఉంటే ప్రొఫైల్ ఉన్న బొమ్మల్నే సరిచేస్తుంది. దాన్ని 1 చేస్తే ప్రొఫైల్ లేని బొమ్మల్ని కూడా ఎస్‌ఆర్‌జీబీగా లెక్కేసి సరిచేస్తుంది. పెద్ద పరిధి తెరను పూర్తి మోడ్‌లో వాడేవాళ్లకు అది తప్పనిసరి.

ఒక జాగ్రత్త. పెద్ద పరిధి తెరలకు, ఓలెడ్‌లకు కలరీమీటర్ నేరుగా పెడితే కొలత తప్పుతుంది. డిస్‌ప్లేకాల్‌లో ఆ ప్యానెల్ రకానికి తగిన కరెక్షన్ ఎంచుకున్నాకే మొదలుపెట్టాలి.

చీరల_కొట్టు (మంగళగిరి)

పెంగ్విన్ తమ్ముడు ఆదివారం వచ్చి కొలిచి వెళ్లాడు, వివరాలు పెడతానని మాటిచ్చా.

మానిటర్ పొద్దున్నే వేసి ఉంచాం. పరికరాన్ని తెర మధ్యలో వేలాడదీసి, మానిటర్‌ను కాస్త వెనక్కి వంచాడు, అంటుకుని ఉండాలని. బూడిద, ఎరుపు, పచ్చ, నీలం గళ్లు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. ఎస్‌ఆర్‌జీబీ మోడ్ రంగులు బాగానే ఉన్నాయట, తెలుపు మాత్రం నీలం వైపు జరిగి ఉంది. అందుకే నేను ఇన్నాళ్లూ ప్రతి ఫోటోలో కాస్త పసుపు కలుపుతున్నా. బ్రైట్‌నెస్ 110 క్యాండెలాల దగ్గర ఆపాడు. మొదట చీకటిగా అనిపించింది, సాయంత్రానికి కన్ను అలవాటుపడింది. చివర్లో డెల్టా ఈ (ఉండాల్సిన రంగుకూ తెర చూపే రంగుకూ తేడా) సగటు 1 లోపే వచ్చింది, 2 లోపు ఉంటే మామూలు కంటికి తేడా దొరకదన్నాడు.

వరండా నీడలో, బూడిద కార్డుతో తీసిన మిరపపండు చీరను తెర పక్కన పెట్టి మా అత్తగారిని పిలిచాం. ఆవిడకు ప్రొఫైల్, గామా ఏవీ తెలియవు. నలభై ఏళ్లుగా చీరలు మడతపెట్టిన మనిషి. చీర అంచు తెర దగ్గరికి పట్టుకుని చూసి, "ఒళ్లు కలిసింది, జరీ ఇంకా పచ్చగా ఉంది" అంది. నిజమే, జరీ మీద వరండా పక్క వేపచెట్టు ఆకుల పచ్చ పడుతోంది. తెల్ల థర్మాకోల్ అడ్డం పెట్టి మళ్లీ తీశా.

అద్దకం_పోచంపల్లి (భూదాన్ పోచంపల్లి)

అత్తమ్మ కన్ను గట్టిది. ఆమెను పక్కన కూసోబెట్టుకోండ్రి.

చిన్న_ల్యాప్‌టాప్ (రాజమండ్రి)

నాకు మానిటర్ కొనే తాహతు లేదు. తక్కువ ధర ల్యాప్‌టాప్ మీదే ఉప్పాడ చీరల ఫోటోలు చేస్తున్నా. కలరీమీటర్ పెడితే బాగుపడుతుందా?

తెర_మరమ్మతు (హైదరాబాద్)

మీ ల్యాప్‌టాప్ వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (పాత టీవీ ప్రమాణపు రంగుల పరిధి) అని ఉంటే అది ఎస్‌ఆర్‌జీబీలో మూడింట రెండు వంతుల లోపే చూపిస్తుంది. కొలిచి సరిచేస్తే తెలుపు, బూడిద బాగుపడతాయి, కానీ లేని ఎరుపు రాదు. అలాంటి తెర మీద గాఢమైన రంగుల్ని కంటితో తేల్చకండి. బూడిద కార్డు, హిస్టోగ్రామ్ అంకెలు చూసి పని చేయండి. చివర్లో ఒకసారి న్యాచురల్ మోడ్‌లో పెట్టిన మంచి ఫోన్‌లో సరిచూసుకోండి. ల్యాప్‌టాప్‌లో బొమ్మను బట్టి బ్రైట్‌నెస్ మార్చుకునే సెట్టింగు డిస్‌ప్లే బ్రైట్‌నెస్ కింద ఉంటుంది, ఇంటెల్ ప్యానెల్‌లో పవర్ సేవింగ్ కింద ఇంకోటి. రెండూ ఆపండి. ఛార్జర్ తీసినప్పుడు రంగు మారుతోందంటే అవే కారణం. తర్వాత ఎప్పుడైనా కొంటే కనీసం "100 శాతం ఎస్‌ఆర్‌జీబీ" అని ఉన్న ఐపీఎస్ ప్యానెల్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) చూసుకోండి, అంతకు మించి మీ పనికి అక్కర్లేదు.

చీరల_కొట్టు (మంగళగిరి)

ఒక్కటి అడిగి ఆపుతా. నిన్న విండోస్ అప్‌డేట్ అయి రీస్టార్ట్ అయ్యాక తెలుపు మళ్లీ నీలంగా అనిపిస్తోంది. నా భ్రమా, నిజంగా పోయిందా?

పెంగ్విన్_గుంటూరు (గుంటూరు)

భ్రమ కాకపోవచ్చక్కా. ప్రొఫైల్‌లో రెండు భాగాలుంటాయి. తెలుపును, బూడిదను సరిచేసే వంపులు గ్రాఫిక్స్ కార్డులోకి ఎక్కుతాయి, మిగతా వివరం ఫోటోషాప్ లాంటివి చదువుకుంటాయి. రీస్టార్ట్‌లో, నిద్రలోంచి లేచినప్పుడు, కొన్ని గేములు ఆడాక మొదటి భాగం జారిపోతుంది. గడియారం పక్కన డిస్‌ప్లేకాల్ లోడర్ ఐకాన్ ఉండాలి, దాని పనే ఆ వంపుల్ని తిరిగి ఎక్కించడం. ఐకాన్ ఉంటే దాని మీద మౌస్ పెట్టి అక్కడ కనిపించే ప్రొఫైల్ పేరు ఇక్కడ రాయండి. ఐకానే లేకపోతే స్టార్టప్ యాప్స్‌లో ఆఫ్ అయి ఉంటుంది, ఆన్ చేసి ఒకసారి లాగవుట్ అయి రండి.